తెలుగు నవల చదివించి మాటలు నేర్పడం: సగం మాటలు నిఘంటువులో దొరకడం లేదు

వేపపూత:
మా అమ్మాయికి పదమూడేళ్ళు. పుట్టి పెరిగింది టెక్సస్‌లో. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది, వారాంతపు బడిలో గుణింతాలు, ఒత్తులు పూర్తయ్యాయి. నాలుగు కొత్త మాటలు వస్తాయని ఆ వయసు పిల్లల కోసం రాసిన తెలుగు నవల తెప్పించాం. నూట ఇరవై పేజీలు, పల్లెటూళ్ళో జరిగే కథ. తెలియని మాట కింద గీత గీసి, నిఘంటువు చూసి, నోటుబుక్కులో ఇంగ్లీషు అర్థం రాయమన్నాం. పేజీకి పన్నెండు, పదిహేను గీతలు పడుతున్నాయి. వాటిలో సగం ఏ నిఘంటువులోనూ కనిపించవు. "గూటిలోంచెగిరింది", "గోతిలోకి", "కోయకముందే" లాంటివి. రాసుకున్నవి కూడా వారం తిరిగేసరికి గుర్తుండటం లేదు. పుస్తకం మార్చాలా, పద్ధతి మార్చాలా?

అరసున్న:
ముందు పద్ధతి మార్చండి. మీరిచ్చిన మూడు మాటల్లో పాపకు నిజంగా కొత్తది బహుశా ఒక్కటే. "గూటిలోంచెగిరింది"లో ఉన్నవి గూడు, లోంచి, ఎగిరింది. "కోయకముందే" అంటే కోయు. "కూరగాయలు కోశాను" అనే పిల్లకు ఆ మాట వచ్చినట్టే, అచ్చులో చూసి గుర్తుపట్టలేదంతే. "గోతిలోకి" అంటే గొయ్యి, అది కొత్తదైతే కావచ్చు. అంటే ఆ గీతల్లో చాలావాటికి కావలసింది అర్థం కాదు, మాటను విడగొట్టడం. అది నేర్పకుండా నిఘంటువు చేతికిస్తే ఏ పిల్లయినా విసిగిపోతుంది.

మాటను ఎప్పుడూ కుడిచేతి వైపు నుంచి విప్పాలి. మొదట చివరి తోకలు తీసేయాలి: అట, ఏమో, కదా, ప్రశ్న దీర్ఘం. తర్వాత విభక్తులు: ని, కి, తో, లో, లోంచి, మీద. ఆ పైన బహువచనం. "ఊళ్ళోకెళ్ళాడట" తీసుకోండి. అట పోతే ఊళ్ళోకెళ్ళాడు. ఇక్కడ "వెళ్ళాడు"లోని వకారం సంధిలో పోయింది, ఇకారం కూడా పోయింది. ఊళ్ళోకి, వెళ్ళాడు అని విడదీస్తే మిగిలేవి ఊరు, వెళ్ళు. పైకి చదివిస్తే పిల్లలు ఈ పని చెవితోనే చేసేస్తారు. కాబట్టి దొరకని మాట వచ్చినప్పుడు మొదటి మెట్టు నిఘంటువు కాదు, ఆ మాటను గట్టిగా, నెమ్మదిగా రెండుసార్లు పలకడం.

ఆ తర్వాత అసలు చిక్కు నామవాచకాల దగ్గర వస్తుంది. విభక్తి చేరగానే కొన్ని మాటల రూపమే మారిపోతుంది: ఇల్లు–ఇంటి, గూడు–గూటి, ఏరు–ఏటి, నుయ్యి–నూతి, నెయ్యి–నేతి, చెయ్యి–చేతి, కన్ను–కంటి. "టి", "తి" కనిపిస్తే వెనక్కి వెళ్ళి డు, రు, య్యి, న్ను, ల్లు పెట్టి చూడమనండి. బహువచనంలో "ళ్ళు" ఇంకా గడుసుది. అది కాలు, గోరు, రాయి, ముల్లు, కన్ను, గుడి, ఇన్నింటికీ వస్తుంది. "పళ్ళు" పండుకూ అదే, పన్నుకూ అదే. అక్కడ వాక్యం చూసి తేల్చుకోవాల్సిందే. కొన్ని జంట మాటల్లో రెండో మాట మొదటి అక్షరం మారుతుంది: తల్లిదండ్రుల్లో ఉన్నది తండ్రి, అన్నదమ్ముల్లో ఉన్నది తమ్ముడు.

ఇంత చేసినా దొరకకపోతే తప్పు నిఘంటువు పద్ధతిలో ఉంటుంది. బ్రౌన్ నిఘంటువులో "సముద్రం" అని వెతికితే లాభం లేదు, "సముద్రము" అని వెతకాలి. క్రియలు కూడా చేయు, వచ్చు, చూచు, నడుచు, కూర్చుండు అనే రూపాల్లో ఉంటాయి. "చూసి" నుంచి "చూచు"కి, "కూచుంది" నుంచి "కూర్చుండు"కి వెళ్ళడం ఎవరో ఒకరు చూపించాలి, దానంతట అది తట్టదు. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు ఇంకోటి: వెళ్ళు–వెళ్లు, పెళ్ళి–పెళ్లి అని రెండు రాతలున్నాయి. ఒకదానితో దొరక్కపోతే రెండోదానితో చూడండి. పిల్లలకు నేను ముందు చెప్పేది గ్విన్ నిఘంటువు (1991). ఇప్పటి తెలుగు కోసం చేసింది, అర్థాలు ఇంగ్లీషులో ఉంటాయి. చికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా నిఘంటువుల సైటులో అదీ, బ్రౌన్ 1903 ముద్రణా రెండూ ఉచితంగా ఉన్నాయి. పాత సంస్కృత మాట ఏదైనా తగిలితే ఆంధ్రభారతి సైటులో చూడండి, ఒకే వెతుకులో చాలా నిఘంటువులు తెరుచుకుంటాయి.

గోరువంక:
అరసున్న గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను మాటల ఎంపిక, జ్ఞాపకం గురించి చెబుతాను, ఎందుకంటే పేజీకి పదిహేను మాటలు రాసుకునే పిల్ల పుస్తకం పూర్తి చేయదు.

మొదట పుస్తకం సరిపోతుందో లేదో కొలవండి. హు, నేషన్ అనే ఇద్దరు 2000లో ఒక ఇంగ్లీషు కథ మీద చేసిన పరిశోధన ఉంది. సాయం లేకుండా చదివి హాయిగా అర్థం చేసుకోవాలంటే నూటికి 98 మాటలు ముందే తెలిసుండాలని అందులో తేలింది. 80 మాత్రమే తెలిస్తే ఎవరికీ సరిగా అర్థం కాలేదు. తెలుగులో ఈ లెక్క వేసేటప్పుడు రూపాలు కాదు, మూల పదాలు లెక్కపెట్టాలి. పుస్తకం మధ్య నుంచి మూడు పేజీలు తీసుకోండి. పేజీకి సుమారు 200 మాటలున్నాయనుకుంటే, విడగొట్టి చూశాక కూడా తెలియనివి నాలుగు దాటకపోతే పాప ఒంటరిగా చదవగలదు. పదిదాకా ఉంటే మీరు పక్కన కూర్చోవాలి. పదిహేనుకు మించితే ఆ పుస్తకాన్ని ఏడాది పక్కన పెట్టడం మేలు. తానాతో (ఉత్తర అమెరికా తెలుగు సంఘంతో) కలిసి 'మంచిపుస్తకం' ప్రచురణ సంస్థ వారు వేసిన పిల్లల నవలలు ఈ వయసుకు సరిపోయేవే, వాటిలోంచి చిన్నది ఎంచుకోండి.

చదివే తీరు: ఒక అధ్యాయం ఆగకుండా చదవాలి. తెలియని మాట పక్కన పెన్సిలుతో చుక్క మాత్రమే పెట్టాలి, గీత వద్దు, నిఘంటువు అసలే వద్దు. కథ నడుస్తుండగా ప్రతి మాటకూ ఆగితే ముందు వాక్యం మరిచిపోతారు, చుట్టూ ఉన్న మాటల నుంచి అర్థం ఊహించే అవకాశం పోతుంది. అధ్యాయం అయ్యాక చుక్కలన్నీ చూసి, రెండుసార్లో అంతకంటే ఎక్కువో కనిపించిన మాటలు, లేకపోతే కథ మలుపు అర్థం కావడం లేదనిపించిన మాటలు తీసుకోవాలి. ఐదు నుంచి ఏడు చాలు. మిగతా చుక్కలు చెరిపేయండి. అవి ముఖ్యమైనవైతే తర్వాతి అధ్యాయాల్లో మళ్ళీ వస్తాయి, రాకపోతే ఇప్పటికి వాటితో పనిలేదు.

నోటుబుక్కు బదులు చిన్న అట్టముక్కలు వాడండి. ఒకవైపు పుస్తకంలోని వాక్యం మొత్తం, ఆ మాట కింద గీతతో. రెండోవైపు మూలరూపం, అర్థం. నామవాచకమైతే ఇంకో రెండు రూపాలు కూడా రాయాలి: గొయ్యి, గోతిలో, గోతులు. క్రియ అయితే మూడు రూపాలు: కోశాడు, కోస్తాడు, కోయడు. జంట క్రియలుంటే రెండూ ఒకే అట్ట మీద: మునుగు–ముంచు, దిగు–దించు, నిండు–నింపు, పెరుగు–పెంచు. ఒకటి తనంతట జరిగేది, ఇంకోటి ఎవరో చేసేది. మర్నాడు, మూడో రోజు, వారానికి, మూడు వారాలకు తిప్పి చూడాలి. తప్పిన అట్ట మళ్ళీ మొదటి రోజు కట్టలోకి వెళ్తుంది. వారం తిరిగేసరికి మరిచిపోవడానికి కారణం పాప కాదు. ఒక్కసారి రాసి, మళ్ళీ చూడకపోతే ఎవరికైనా అంతే.

ఫోన్‌తో పేజీ ఫొటో తీసి అనువాదం చూపించే యాప్‌లు వద్దు. వాక్యం అర్థమవుతుంది, మాట మాత్రం రాదు.

తాటిముంజె:
పై రెండు సమాధానాల్లో రానివి రెండున్నాయి, పల్లెటూరి కథ అన్నారు కాబట్టి చెబుతున్నాను.

పనిముట్ల పేర్లకు నిఘంటువు అర్థం పనికిరాదు. కవ్వం, తిరగలి, ఏతం, కొడవలి లాంటి వాటికి ఇంగ్లీషు మాట రాసుకుంటే టెక్సస్‌లో పెరిగిన పిల్లకు ఆ ఇంగ్లీషు మాట కూడా కొత్తదే. బొమ్మ చూపించండి, వీలైతే అది పనిచేస్తున్న వీడియో. అట్ట మీద అర్థం బదులు ఆమె చేతే బొమ్మ గీయించండి. అలాగే గబగబా, చకచకా, తళతళ, బిక్కుబిక్కుమంటూ వంటి వాటిని వెతకనే వద్దు. మీరు అభినయించి చూపితే ఒక్క క్షణంలో అయిపోతుంది.

రెండోది యాస. కథనం మామూలు తెలుగులో ఉండి, సంభాషణలు తెలంగాణ మాటలో ఉంటే "వచ్చిండు", "గట్ల", "జెర", "మస్తు" దగ్గర పాప ఆగిపోతుంది. వచ్చిండు అంటే వచ్చాడు, గట్ల అంటే అలా, జెర అంటే కొంచెం. రాయలసీమ అయితే "యాడికి", "పోతుండావు" వస్తాయి. ఇవి తప్పు తెలుగు అని మాత్రం చెప్పకండి. పుస్తకం చివరి అట్ట లోపల ఒక కాగితం అంటించి, ఈ రూపాలు కనిపించినప్పుడల్లా అక్కడ చేర్చుకోమనండి. ఇరవై ముప్ఫై రూపాలతో సంభాషణలు చాలామటుకు తేలికవుతాయి. మిగిలినవాటికి నలిమెల భాస్కర్ తెలంగాణ పదకోశం ఉంది.

గోరువంక గారి లెక్కతో ఒక్కచోట ఏకీభవించను. పదిహేను దాటితే పుస్తకం పక్కన పెట్టమన్నారు. కథ పాపకు బాగా నచ్చితే పెట్టొద్దు. మొదటి రెండు అధ్యాయాలు మీరు పైకి చదవండి, ఆమె వేలు పెట్టి వెంట రావాలి. మనుషుల పేర్లు, ఊరు, గొడవ ఏమిటో తెలిశాక చుక్కలు చాలా తగ్గుతాయి, ఎందుకంటే ఒక నవలలో అవే మాటలు మళ్ళీమళ్ళీ వస్తుంటాయి. కథల సంపుటి కంటే నవల మేలు అనేది కూడా ఇందుకే.

వేపపూత:
ముగ్గురికీ కృతజ్ఞతలు. రేపు మూడు పేజీల లెక్క వేస్తాను. రెండు సందేహాలు మిగిలాయి. అట్ట మీద అర్థం తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా? ఇంకోటి, తను ఒక్కో పేజీకి చాలా సమయం తీసుకుంటోంది. అది మాటల లోపమా, చదవడంలో లోపమా?

అరసున్న:
రెండోది ముందు తేల్చండి. ఒక పేజీ పైకి చదివించి, పుస్తకం మూసి కథ చెప్పమనండి. చెప్పలేకపోతే, అదే పేజీ మీరు చదివి వినిపించి మళ్ళీ అడగండి. విన్నప్పుడు చెప్పగలిగితే మాటలు ఉన్నాయి, కన్ను ఇంకా అక్షరం అక్షరం కూడబలుక్కుంటోందని అర్థం. అలాంటప్పుడు కొన్ని వారాలపాటు అట్టలు ఆపేసి, రోజూ పావుగంట మీరొక పేజీ, వెంటనే అదే పేజీ తను, అలా చదవండి. మ–య, ప–వ–ష దగ్గర, రెండు ఒత్తులున్న అక్షరాల దగ్గర ఎక్కడ తడబడుతోందో గమనించి అవి ఉన్న మాటలే మళ్ళీ పలికించండి. విన్నా చెప్పలేకపోతే అది మాటల లోపం, పైన చెప్పిన దారిలో వెళ్ళండి.

అర్థం సంగతి: పాప రోజూ వాడే తెలుగు మాటలతో చెప్పగలిగితే తెలుగులోనే, ఆమె నోటితో చెప్పించి రాయించండి. కుదరని చోట ఇంగ్లీషు రాయొచ్చు, కానీ అట్ట వెనకవైపు మాత్రమే. పుస్తకంలో మాట మీద ఇంగ్లీషు రాయనివ్వకండి. రెండోసారి చదివేటప్పుడు కన్ను సరాసరి దాని మీదికే వెళ్తుంది, తెలుగు మాటను చూడదు.