అప్‌డేట్: మా బడి పిల్లలు చెనక్కాయ (వేరుశనగ) చేనుకు వెళ్లొచ్చారు

దసరా సెలవుల తర్వాత పైసా ఖర్చు లేకుండా పిల్లలకు ఏం నేర్పొచ్చని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. మాది అనంతపురం దగ్గర పల్లెలో ప్రాథమిక పాఠశాల. చేను చూపించమని ఎక్కువ మంది చెప్పారు. అదే చేశాం.

బడి పక్క చేను రైతన్న ఇంకా పచ్చగా ఉన్న చెట్టు ఒకటి పెరికి, మన్ను దులిపి పిల్లల చేతికిచ్చాడు. పువ్వు పైన పూస్తుంది, దాని ఊడ (పువ్వు నుంచి కిందికి దిగే కాడ) భూమిలోకి దిగాకే కాయ ఊరుతుంది. చెనక్కాయల మధ్యే పెరిగినా ఈ సంగతి చాలామంది పిల్లలకు కొత్త. వేర్ల మీది బుడిపెను గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉంది. "రక్తమా సార్?" అంది రెండో తరగతి పాప. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా అందులో ఉంటుందని, ఎర్రగా ఉంటే అది బాగా పనిచేస్తున్నట్టేనని చెప్పాను. ఆ తర్వాత ప్రతి ఒక్కరూ ఒక బుడిపె చిదిమి చూడాల్సిందే! నాకు ఆ అరగంట చాలు అనిపించింది.

లెక్కల పాఠం కాయలతోనే అయిపోయింది.

నేను ఊహించనిది ఊరివాళ్ల స్పందన. వంట అక్క కాయలు ఉడకబెట్టింది. అవ్వలు పిలవకుండానే వచ్చి, ఎద్దులతో గుంటక (చేను పనిముట్టు) తోలిన రోజుల గురించి చెప్పారు. కూలి మానుకుని వచ్చిన నాన్నలూ ఉన్నారు. బడికి ఎప్పుడూ రాని ఒకాయన మూలన కూర్చుని కొడుకు చెప్పేదంతా విన్నాడు.

సాళ్ల మధ్య కంది ఇప్పుడు పూత మీదుంది. వచ్చే వారం దాని దగ్గరికి. సలహా ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు.