అప్‌డేట్: ఘాట్ ఎక్కేటప్పుడు జిప్సీ ఇంజన్ నాకింగ్, కారణం దొరికింది

అనంతగిరి ఘాట్‌లో రెండో గేరులో ఎక్కుతుంటే నా పాత కార్బ్యురేటర్ జిప్సీ ఇంజన్ నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండినప్పుడు వచ్చే టకటక చప్పుడు) చేస్తోందని, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు స్పార్క్ పంచే భాగం) తిప్పి టైమింగ్ (స్పార్క్ ఎంత ముందుగా పడుతుందన్నది) తగ్గిస్తే చప్పుడు ఆగినా లాగే శక్తి పోతోందని ఇక్కడ అడిగాను. ఓపికగా సమాధానాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

టైమింగ్ లైట్‌తో (స్పార్క్ పడినప్పుడల్లా వెలిగి ఇంజన్ మీది టైమింగ్ గుర్తును చూపే లైటు) ఐడిల్‌లోనే కాక, వేగం పెంచి కూడా చూడమన్న సలహాయే దారి చూపింది. మెకానిక్ వాక్యూమ్ పైపు (ఇంజన్ పీల్పుతో స్పార్క్‌ను ముందుకు జరిపే గొట్టం) తీసి, దాని మూతి మూసి చూస్తే ఐడిల్‌లో ఆ గుర్తు నిలకడ లేకుండా ఊగింది. యాక్సిలరేటర్ కాస్త తొక్కగానే అడ్వాన్స్ (స్పార్క్ ముందుకు జరగడం) ఒక్కసారిగా చివరిదాకా పెరిగిపోయింది. డిస్ట్రిబ్యూటర్ విప్పితే, ఇంజన్ వేగాన్ని బట్టి స్పార్క్‌ను ముందుకు జరిపే లోపలి అడ్వాన్స్ బరువులను పట్టి ఉంచే రెండు స్ప్రింగుల్లో ఒకటి విరిగి ఉంది. అందువల్ల తక్కువ వేగంలో, బరువు మీద ఉన్నప్పుడే స్పార్క్ మరీ ముందుగా పడేది. నేను డిస్ట్రిబ్యూటర్ తిప్పి చేసినదంతా ఆ లోపాన్ని కప్పిపుచ్చడమే.

రెండు స్ప్రింగులూ మార్చి, పాయింట్ల (డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్క్ పుట్టించే కాంటాక్టులు) గ్యాప్ మారితే టైమింగ్ కూడా మారుతుంది కనుక ముందుగా గ్యాప్ సరిచేసి, ఆ తరువాతే టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకి చేరే స్థానం) ముందు 10 డిగ్రీలకు అమర్చారు. కార్బ్యురేటర్ శుభ్రం చేయించడం, ప్లగ్గులు మార్చడం ఈ సమస్యకు అనవసరమని తేలింది. ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ చప్పుడును కొంత తగ్గించిందే తప్ప కారణాన్ని తొలగించలేదు. నిన్న నలుగురితో, సామానుతో అదే ఘాట్ నాకింగ్ లేకుండా ఎక్కింది.