విండోస్‌లో ఫెయిలైన టెస్టుకు ‘అన్‌సపోర్టెడ్’ అని రాసి వదిలేయొచ్చా?

వైట్‌ఫీల్డ్_వాసి: మా కంపైలర్ (కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రాం) టెస్టులు ఎల్‌ఎల్‌వీఎం ప్రాజెక్టు టూల్స్ లిట్ (టెస్టులు నడిపేది), ఫైల్‌చెక్ (అవుట్‌పుట్ సరిచూసేది)లతో నడుస్తాయి. లినక్స్‌లో అన్నీ పాస్, విండోస్‌లో 40 ఫెయిల్. మా టీమ్‌లో వాటి తలమీద ‘అన్‌సపోర్టెడ్: సిస్టమ్-విండోస్’ అని లైను పెట్టేసి పనైపోయిందంటున్నారు. నిన్న ఒకటి విప్పి చూశాను. కంపైలర్ తప్పేం లేదు. ఎర్రర్ మెసేజీలో ఫైలు దారి మధ్య బ్యాక్‌స్లాష్ వచ్చింది, టెస్టేమో ఫార్వర్డ్ స్లాష్ కోసం వెతుకుతోంది. రెండిటినీ ఒప్పుకునే రెగెక్స్ (వెతికే నమూనా) రాస్తే పది నిమిషాల పని. మీరైతే ఏం చేస్తారు?

అనంతపురం_అబ్బాయి: టార్గెట్ ట్రిపుల్ (ఏ ప్రాసెసర్‌కి, ఏ ఓఎస్‌కి కోడ్ కావాలో చెప్పే పేరు) రాయకపోవడమే తప్పు. అది లేకపోతే మామూలుగా ఏ మెషీన్ మీద నడిపితే దానికే కోడ్ పుడుతుంది. 64 బిట్ లినక్స్‌లో సీ భాషలోని లాంగ్ అనే పూర్ణాంక రకం 8 బైట్లు, విండోస్‌లో 4. మాక్‌లో ఫంక్షన్ పేరు ముందు అండర్‌స్కోర్ చేరుతుంది. లినక్స్ ట్రిపుల్ రాసేయండి, ఎక్కడైనా ఒకటే అవుట్‌పుట్.

వైట్‌ఫీల్డ్_వాసి: స్లాష్ ట్రిపుల్‌తో పోదు కదండీ. ఫైలు దారి టెస్టు నడిచే మెషీన్‌ది.

అనంతపురం_అబ్బాయి: 40లో స్లాష్‌వి ఎన్ని? ముందు ట్రిపుల్ పెట్టి చూడండి.

కడప_కోడర్: టెస్టుల్లో సెడ్ మైనస్ ఐ (ఫైలును అక్కడికక్కడే మార్చే కమాండ్) వాడకండి. మాక్‌లో ఒకలా, లినక్స్‌లో ఇంకోలా. నాకు ఒక శనివారం మొత్తం పోయింది.

బీటీఎం_అమ్మాయి: అన్నిటికీ లినక్స్ ట్రిపులే రాస్తే విండోస్ కోడ్‌ను పరీక్షించేదెవరు? పోయినేడు నేను కొత్తగా చేరాను. రాత్రి 11కి బెంగళూరు సిల్క్ బోర్డు దగ్గర బస్సులో ఉంటే ఫోను, ‘నీ కమిట్ (కోడ్ మార్పు) వల్లే బిల్డ్ పోయింది’ అని. నా కమిట్ కానే కాదు. ఎవరో బైట్లు లెక్కపెట్టే టెస్టు రాశారు. విండోస్‌లో గిట్ (కోడ్ మార్పులు దాచే టూల్) ప్రతి లైను చివర ఒక సీఆర్ (కంటికి కనిపించని అక్షరం) చేర్చింది, లెక్క తప్పింది. గిట్‌ఆట్రిబ్యూట్స్ అనే సెట్టింగుల ఫైలులో ఒక్క లైనుతో పోయింది. అది కనిపెట్టడానికి నాకు మూడు రోజులు పట్టింది.

అనంతపురం_అబ్బాయి: విండోస్ ట్రిపుల్‌తో ఇంకో రన్ లైను (టెస్టు నడిపే కమాండ్) పెట్టుకోవచ్చు, వద్దని ఎవరన్నారు? మీ ఫోనుకూ దీనికీ సంబంధమేంటి?

బీటీఎం_అమ్మాయి: ఉంది. రాసినవాళ్లు తమ లాప్‌టాప్‌లో పాసైతే చాలని వెళ్లిపోతారు. విరిగిన రోజు తిట్లు మాకు.

అనంతపురం_అబ్బాయి: ఆ అన్‌సపోర్టెడ్ లైన్లు నేనూ పెట్టాను. నా దగ్గర విండోస్ మెషీన్ లేదు. మూడు నెలలుగా అడుగుతున్నా ఇవ్వట్లేదు. చూడని మెషీన్ మీద ఏం సరిచేయమంటారు?

వైట్‌ఫీల్డ్_వాసి: ఆ మాట ముందే చెప్పాల్సింది. అయినా అన్‌సపోర్టెడ్ పెడితే లిట్ ఆ టెస్టును అసలు నడపదు. ఎక్స్‌ఫెయిల్ (ఫెయిలవుతుందని ముందే చెప్పే గుర్తు) పెడితే నడుపుతుంది, ఎప్పుడైనా పాసైతే అదీ ఫెయిల్యూర్ కిందే చూపిస్తుంది. కనీసం మరుగున పడదు.

అనంతపురం_అబ్బాయి: సరే, ఎక్స్‌ఫెయిల్‌కి మారుస్తాను. మెషీన్ ఇచ్చేదాకా బాగుచేసే పని మాత్రం నాది కాదు.

బీటీఎం_అమ్మాయి: మరి ఎవరిదో ఆ లైను పక్కనే పేరు రాయండి.