రాత్రి సర్వీసు పిలిచే కమాండు ఆగిపోతోంది, ఎర్రర్ కూడా ఇవ్వదు

రాయగడ_కాటా: అందరికీ నమస్కారం. ఇక్కడి రైసుమిల్లులో కాటా సాఫ్ట్‌వేర్ నేనే చూసుకుంటాను. సీ షార్ప్‌లో రాసిన విండోస్ సర్వీసు (తెర వెనక తనంతట తానే నడిచే ప్రోగ్రాము) రాత్రి 11కి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ బ్యాకప్ ప్రోగ్రాము పీజీ డంప్‌తో బ్యాకప్ తీయాలి. కమాండ్ విండోలో నేను కొడితే రెండు నిమిషాల్లో అయిపోతుంది. సర్వీసు పిలిస్తే మాత్రం తెల్లవారినా టాస్క్ మేనేజర్‌లో అలాగే కూర్చుని ఉంటుంది. సీపీయూ సున్నా, బ్యాకప్ ఫైలు సున్నా. ధాన్యం దిగే సీజను, నాలుగు రోజులుగా బ్యాకప్ లేదు, ఒకటే టెన్షన్. ఎందుకు ఆగుతోంది? ఇంతసేపటి కన్నా ఎక్కువ ఎదురుచూడకుండా టైమవుట్ ఎలా పెట్టాలి? చంపితే అది మొదలుపెట్టిన పిల్ల ప్రాసెస్‌లు కూడా పోవాలంటే ఏం చేయాలి?

బరంపురం_వీడియో: మాకు వీడియోలు మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో సరిగ్గా ఇదే జరిగింది. పెళ్లి వీడియోలు రాత్రంతా మారుతాయని వదిలి వెళ్తే పొద్దున ఒక్కటీ అవలేదు. పాత ఫైలు అదే పేరుతో ఉంది. ‘దీని మీద రాయమంటారా, వై నొక్కాలా ఎన్ నొక్కాలా’ అని అడుగుతూ కూర్చుంది. ఎవరు నొక్కుతారు? మైనస్ వై (అడగకుండా రాసెయ్), మైనస్ నో ఎస్‌టీడీ ఇన్ (కీబోర్డు కోసం చూడకు) రెండూ పెట్టాక మళ్లీ ఆగలేదు. పెళ్లివారికి మాట ఇచ్చి మూడు రోజులు ఆలస్యం చేశాను, ఆ బాధ ఇంకా ఉంది.

దెగ్లూరు_సిస్టమ్స్: ఇంత చర్చ ఎందుకు భయ్? సర్వీసు ప్రాపర్టీస్‌లో లాగాన్ ట్యాబ్‌కు వెళ్లి, ‘డెస్క్‌టాప్‌తో ఇంటరాక్ట్ అవ్వనివ్వు’ అనే టిక్ పెట్టు. అడిగే ప్రశ్న కళ్ల ముందుకు వస్తుంది. 18 ఏళ్లుగా నాందేడ్ జిల్లా అంతా మెషీన్లు నేనే చూస్తున్నా.

పర్లాకిమిడి_డెవ్: ఆ టిక్ పెట్టకండి. విస్టా నుంచి సర్వీసులన్నీ సెషన్ సున్నాలో నడుస్తాయి, మనం లాగిన్ అయ్యేది వేరే సెషన్‌లో. విండో తెరుచుకున్నా మన తెర మీదకు రాదు.

దెగ్లూరు_సిస్టమ్స్: నేను కళ్లతో చూసినది తప్పంటావా? కింద టాస్క్‌బార్‌లో మెరుస్తూ వచ్చేది, నొక్కితే ఆ విండో కనపడేది. పుస్తకంలో చదివి చెప్పడం కాదు, ఫీల్డులో తిరగాలి.

పర్లాకిమిడి_డెవ్: మీరు చూసింది విండోస్ 7 అయి ఉంటుంది. ఆ మెరుపు ఇంటరాక్టివ్ సర్వీసెస్ డిటెక్షన్ అనే వేరే సర్వీసుది. విండోస్ 10లో 1803 వెర్షన్ నుంచి దాన్ని తీసేశారు. పైగా రాత్రి 11కి మిల్లులో కుర్చీలో ఎవరుంటారని టిక్?

దెగ్లూరు_సిస్టమ్స్: వయసుకైనా మర్యాద ఇచ్చి మాట్లాడు తమ్ముడూ. నా కస్టమర్లలో సగం మంది ఇప్పటికీ విండోస్ 7 మీదే ఉన్నారు. వాళ్ల సంగతి నేనే చెప్పాలి.

పర్లాకిమిడి_డెవ్: గట్టిగా అన్నందుకు క్షమించండి. కానీ ఆయన మెషీన్ ఏదో అడగకుండానే మందు రాసిచ్చారు.

జయపురం_అకౌంట్స్: బ్యాకప్ ఎక్కడ పడుతోంది? జెడ్ డ్రైవ్ (నెట్‌వర్క్‌లోని ఫోల్డర్‌కు పెట్టుకున్న అక్షరం) అయితే సర్వీసుకు అది కనపడదు, మ్యాప్ చేసినది మీ లాగిన్‌కే పరిమితం. మాకు ఆగలేదు, ఫెయిలయింది. సర్వర్ పేరుతో పూర్తి పాత్ ఇచ్చాం. దానితో పాటు మంచి యూపీఎస్ కూడా కొనండి, మా దగ్గర సాయంత్రం కరెంటు పోని రోజు లేదు.

సిరొంచ_లక్ష్మి: కరెంటు గురించి వేరే చర్చ పెడదామన్నా. ప్రశ్న అడగకపోయినా ఆగే కేసు ఒకటి ఉంది, నెల రోజులు నన్ను ఏడిపించింది. లైనక్స్‌లో పైథాన్ సర్వీసు, అది పత్తి బిల్లులను పీడీఎఫ్ చేసే ప్రోగ్రామును పిలుస్తుంది. చిన్న రోజుల్లో బాగానే నడిచేది, సీజనులో 1025వ బిల్లు దగ్గర ఆగేది. ప్రతిసారీ అదే అంకె! ప్రోగ్రాము సిస్టమ్‌ను ఏమడుగుతోందో చూపే ఎస్‌ట్రేస్ తగిలించి చూశాను. ‘రైట్’ అని, బ్రాకెట్‌లో 2 (అంటే ఎర్రర్ అవుట్‌పుట్) అని పడి, లైను సగంలోనే నిలబడిపోయింది. మరాఠీ ఫాంటు లేదని బిల్లుకొక వార్నింగ్ వస్తోంది, ఒక్కో లైను 64 బైట్లు. ఆ వార్నింగ్‌లు నా కోడ్‌కు చేరే దారి పైప్, అందులో పట్టేది 65,536 బైట్లు, అంటే 1024 లైన్లు. నా కోడ్ ఆ పైప్‌ను చదవకుండా వెయిట్‌లో ఉంది. అది రాయడానికి చోటు కోసం చూస్తోంది, నేను అది ముగియడం కోసం చూస్తున్నాను. వెయిట్ తీసి, పైప్ చదువుతూనే ఎదురుచూసే కమ్యూనికేట్ పెట్టాను, ఫాంటు కూడా వేశాను. రాయగడ అన్నా, మీ కోడ్‌లో వెయిట్ ఫర్ ఎగ్జిట్ (ముగిసేదాకా ఎదురుచూడటం) ముందుందా, రీడ్ టు ఎండ్ (అవుట్‌పుట్ మొత్తం చదవడం) ముందుందా?

దెగ్లూరు_సిస్టమ్స్: చెల్లి చెప్పింది సరైన మాట. ఇది నాకు కొత్త.

రాయగడ_కాటా: లక్ష్మిగారూ, వెయిట్ ఫర్ ఎగ్జిటే ముందుంది! చదవడం ముందుకు తెచ్చినా రాత్రి మళ్లీ ఆగింది. బరంపురం అన్న మాట గుర్తొచ్చి మైనస్ చిన్న డబ్ల్యూ పెట్టాను, పాస్‌వర్డ్ అడగవద్దని. వెంటనే ‘నో పాస్‌వర్డ్ సప్లైడ్’ అని పడి ముగిసిపోయింది. నాలుగు రోజుల తర్వాత మొదటి ఎర్రర్, చూడగానే ప్రాణం లేచి వచ్చింది. పాస్‌వర్డ్ ఫైలు నా లాగిన్ సెట్టింగుల ఫోల్డర్ యాప్‌డేటాలో ఉంది, సర్వీసేమో లోకల్ సిస్టమ్ అనే విండోస్ సొంత అకౌంటు పేరుతో నడుస్తోంది, దాని యాప్‌డేటా వేరు. పీజీపాస్‌ఫైల్ అనే వేరియబుల్‌తో ఆ ఫైలు దారి చూపించాను. నిన్న రాత్రి 11.02కి అయిపోయింది. ఆ ఫైలును ఖాళీ డేటాబేస్‌లోకి రీస్టోర్ చేసి కాటా చీటీలు లెక్క సరిచూశాను, అన్నీ ఉన్నాయి. పిల్ల ప్రాసెస్‌ల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

పర్లాకిమిడి_డెవ్: వెయిట్ ఫర్ ఎగ్జిట్‌కు పది నిమిషాలు మిల్లీసెకన్లలో ఇవ్వండి, 6,00,000. ఫాల్స్ (ఇంకా ముగియలేదు) అని తిరిగొస్తే కిల్‌లో బ్రాకెట్‌లో ట్రూ ఇవ్వండి, పిల్ల ప్రాసెస్‌లతో సహా చెట్టు మొత్తం పోతుంది. డాట్ నెట్ కోర్ 3.0 నుంచి ఉంది. పాత డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్ అయితే విండోస్ టాస్క్‌కిల్ కమాండుకు స్లాష్ టీ, స్లాష్ ఎఫ్. ఒక్క జాగ్రత్త: రీడ్ టు ఎండ్ ముందుంటే టైమవుట్ దాకా రాదు, అక్కడే ఆగుతుంది. అవుట్‌పుట్‌ను బిగిన్ అవుట్‌పుట్ రీడ్ లైన్‌తో, ఎర్రర్‌ను బిగిన్ ఎర్రర్ రీడ్ లైన్‌తో చదవండి, అవి మీ కోడ్‌ను ఆపకుండా పక్కనే చదువుతాయి.

రాయగడ_కాటా: పాత ఫ్రేమ్‌వర్కే. ఈ రాత్రే మారుస్తాను.