రోజుకో ఫోటో: 41 రోజులకే విసుగొచ్చింది, మీరెలా నెట్టుకొస్తున్నారు?

సందుచివర (ఫిబ్రవరి 10, రాత్రి 9:40)
అందరికీ నమస్కారం. జనవరి 1న మొదలుపెట్టాను, రోజుకో ఫోటో. మాది సీతాఫల్‌మండి, రెండో అంతస్తు. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో నిలబడి సందు వైపు ఒక్కటి తీసి లోపలికొచ్చేస్తా. అందులో ఎప్పుడూ ఉండేవి కిరాణా కొట్టు, ఇస్త్రీ బండి, వేప చెట్టు, కరెంటు స్తంభం. నిన్న అన్నీ వరసగా చూసుకుంటే ఒకే ఫోటో అన్నిసార్లు తీసినట్టుంది. మా ఆవిడైతే "ఆ ఇస్త్రీ బండి ఎక్కడికీ పారిపోదు, ఆదివారమైనా పడుకోండి" అంటోంది. అడగాలనుకున్నవి మూడు. రోజూ ఒకే చోట తీయాలా, తిరిగి తీయాలా? ఫోన్ చాలా, కెమెరా కొనాలా? ఇవన్నీ ఎక్కడ దాచుకోవాలి? ఈమధ్య ఫోన్‌లో తుడిచే ఆప్షన్ ఒకటి కనబడింది, అడ్డంగా ఉన్న వైర్లన్నీ తుడిచేస్తే సందు ఎంత శుభ్రంగా ఉందో! నిన్నటిది కింద పెట్టాను, చూసి చెప్పండి.

గోదారిగట్టు (10:05)
ఒకే చోట తీయండి, రెండో మాట లేదు. మాది రాజమండ్రి, 2019 నుంచి పుష్కర ఘాట్‌లో ఒకే మెట్టు మీద నిలబడి తీస్తున్నా. మీకు 41 రోజులకే విసుగా? మాకు సంక్రాంతి నుంచి రోహిణి కార్తె దాకా అవే నీళ్లు, అవే పడవలు, స్నానం చేసి తల తుడుచుకునే అదే పెద్దాయన. అసలు సంగతి జూలైలో ఉంటుంది. 2022లో భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకి వచ్చింది చూడండి, అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకి ఇస్తారు. ఇక్కడ ధవళేశ్వరంలో 17.75 అడుగులు దాటితే మూడోది, అదీ ఎగరేశారు. నేను నిలబడే మెట్టు నీళ్లలో ఉంది. ఆ వారం ఫోటోలు పక్కపక్కన పెడితే ఒక్కో మెట్టు ఏ రోజు మునిగిందో వేలు పెట్టి చూపించొచ్చు. హేవ్‌లాక్ పాత బ్రిడ్జి స్తంభాలే నాకు కొలబద్ద. దాని మీద రైళ్లు ఆపేసి చాలా ఏళ్లయినా నాకు మాత్రం పనికొస్తోంది.

పాత_కెమెరా (10:31)
వైర్లు తుడవడమేంటండీ? 27 ఏళ్లు స్టూడియో నడిపాను. రోలుకి 36 ఫోటోలే, ఒకటి నొక్కాలంటే పదిసార్లు ఆలోచించేవాళ్లం. వైర్లు లేని సందు సీతాఫల్‌మండిలో ఎక్కడుందో నాకు చూపించండి, నేనొచ్చి దండం పెడతా. మీ పక్కనే సికింద్రాబాద్‌లో రాజా దీన్ దయాళ్ స్టూడియో పెట్టి, ఆరో నిజాం దగ్గర ఫోటోగ్రాఫరుగా గాజు ప్లేట్ల మీద తీసిన ఫోటోలు చూసే కదా అప్పటి ఊరు ఎలా ఉండేదో మనం చెప్పుకుంటున్నాం? ఆయన నచ్చనివన్నీ తుడుచుకుంటూ పోయుంటే మనకేం మిగిలేది?

బుల్లిక్లిక్ (10:38)
అంకుల్, మీ స్టూడియో బోర్డు మీద 'టచింగ్ చేయబడును' అని ఉండేదా లేదా?

పాత_కెమెరా (10:44)
అంకుల్ అనకు. టచింగ్ వేరు. పెళ్లికూతురి బుగ్గ మీద మొటిమ ఉంటే నెగటివ్ మీద పెన్సిల్ ముక్కుతో సరిచేసేవాళ్లం, చెయ్యి వణికితే మొహం పోయేది, అదొక విద్య. వేలితో రుద్దితే మాయమయ్యే ఈ పనితో దాన్ని పోల్చకు.

బుల్లిక్లిక్ (10:52)
అంటే కష్టపడి చెప్తే అబద్ధం కాదు, సుళువుగా చెప్తే అబద్ధం, అంతేనా 😀 అసలు ఫోన్ ఫోటోలో ఉన్నది ఉన్నట్టు ఎక్కడుంది? మనం ఒక్కసారి నొక్కితే అది లోపల చాలా ఫ్రేములు తీసి, ఎండ ఎక్కువున్న చోట ఒకదాని నుంచి, నీడ ఉన్న చోట ఇంకోదాని నుంచి తెచ్చి కలిపి మనకి చూపిస్తోంది. ఆకాశం నీలంగా ఉందంటే దాని పుణ్యమే. ఆయన బాల్కనీ, ఆయన ఫోను, ఆయన వైరు. మధ్యలో నిజాం ఎందుకు?

కడప_ఎండ (11:10)
మీరు వైర్ల గురించి కొట్టుకోండి, నా గోడు వినండి. పోయిన వేసవిలో నేనూ ఇలాగే మొదలుపెట్టా, మా వీధి బోరింగు ఫోటో. పొద్దున్నే పసుపు రంగు ఎండ దాని మీద పడి, నీళ్లు కారుతూ భలే ఉండేది. ఆరో రోజు బిందెతో వచ్చినావిడ నేను తననే తీస్తున్నానని అరిచింది. ఐదు నిమిషాల్లో పదిమంది. ఫోన్ లాక్కుని గ్యాలరీ మొత్తం తిప్పి చూశారు, మా చెల్లెలి పెళ్లి ఫోటోలతో సహా. తప్పు నాదే, ముందే చెప్పాల్సింది. కానీ ఆ రోజు నుంచి బయట ఫోన్ తీయాలంటే చెయ్యి రాదు. సందుచివర గారూ, మీ కొట్టాయనకీ ఇస్త్రీ ఆయనకీ చెప్పారా, రోజూ తీస్తున్నానని?

మంచులో_పద్మ (11:48)
మూడో ప్రశ్నకి నేను చెప్తా, దెబ్బ తిన్నదాన్ని కాబట్టి. మేముండేది మినియాపొలిస్. డిసెంబర్‌లో నాలుగున్నరకే చీకటి, కిటికీలోంచి బస్ స్టాపు, దాని మీద మంచు, అంతే నా ఫోటో. అది నరసరావుపేటలో మా అమ్మకి పంపిస్తే, అమ్మ ఆ రోజు వాకిట్లో వేసిన ముగ్గు తీసి నాకు పంపిస్తుంది. మూడేళ్ల నుంచీ ఇదే మా ఇద్దరి బేరం. ధనుర్మాసంలో గొబ్బెమ్మలు కనబడితే ఇక్కడ నాకు ఆకలేస్తుంది, కనుమ నాడు రథం ముగ్గు చూస్తే ఏడుపొస్తుంది. ఒకసారి ఫోన్ బకెట్లో పడి నావి 214 ఫోటోలు పోయాయి. అమ్మకి పంపినవి ఉన్నాయి కదా అనుకుంటే వాట్సాప్ వాటిని కుదించేసింది, తీసిన తేదీ కూడా లేదు. ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. గూగుల్ ఫోటోస్‌లో ఎన్నైనా ఉచితం అన్న రోజులు 2021 జూన్ 1తో పోయాయి, ఇప్పుడు మెయిల్‌తో కలిపి 15 జీబీయే. నెలకోసారి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, ఇంకో కాపీ ఇంకో చోట పెట్టుకోండి.

గోదారిగట్టు (ఫిబ్రవరి 11, ఉదయం 6:15)
పద్మ గారూ, మీ అమ్మగారి ముగ్గులు ఇక్కడ పెట్టండి. మీ మంచు వద్దు, ఏమీ అనుకోకండి.

మంచులో_పద్మ (6:22)
అమ్మ ఒప్పుకోదు. "చుక్కలు తప్పిన రోజువి కూడా ఉన్నాయి, పరువు పోతుంది" అంటుంది.

స్తంభాలరాజు (7:30)
నేను కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. ఫోటోల గురించి నాకు తెలీదు గానీ రాత్రి నుంచీ అందరూ వైరు వైరు అంటున్నారు, ఏ వైరు? స్తంభం కొసన మూడు ఉంటే అది 11 కేవీ, అంటే హై వోల్టేజీ లైను, దాని జోలికి పోకూడదు. దాని కింద ఐదు ఉంటే ఎల్టీ, అంటే ఇళ్లకి కరెంటిచ్చే లో వోల్టేజీ లైను: మూడు ఫేజులు, ఒక న్యూట్రల్, ఒకటి వీధి దీపాలది. ఇంకా కిందకి చెట్టుకి దండలు వేసినట్టు చుట్టలు చుట్టలుగా వేలాడేవి కరెంటువి కానే కావు, కేబుల్ టీవీ వాళ్లవి, ఇంటర్నెట్ వాళ్లవి. సందు అసహ్యంగా కనబడేది వాటి వల్ల, తిట్లు మాత్రం మాకు. సందుచివర బాబూ, తుడవని ఫోటో ఉంటే ఒకసారి పెట్టు.

సందుచివర (8:10)
ఇదిగోండి సార్, అసలు ఫోటో. మొన్నటిది, నిన్నటిది, రెండూ పెట్టాను.

స్తంభాలరాజు (8:26)
చూశాను. వేప కొమ్మ ఎల్టీ మీద ఆనుకునే ఉంది. మొన్నటికీ నిన్నటికీ తేడా లేదు గానీ జనవరివి ఉంటే అవీ పెట్టు. ఇప్పుడంటే ఆకు రాలుస్తోంది కాబట్టి తేలిగ్గా ఉంది, ఉగాదికి చిగురేసి బరువెక్కాక గాలొస్తే నిప్పులు రాలతాయి. 1912కి ఫోన్ చేసి చెప్పు, వాళ్లే వచ్చి లైన్ ఆపి కొడతారు. నువ్వు మాత్రం కత్తి పట్టుకుని ఎక్కకు. ఇంకో విషయం, ఆ ఇస్త్రీ బండి మీద బల్బు వెలుగుతోంది కదా, దాని వైరు ఎక్కడికి పోతోంది?

పాత_కెమెరా (8:33)
చూశారా! తుడిచేసిన ఫోటోలో ఆ కొమ్మ సంగతి తెలిసేదా? నిన్న నేను మొత్తుకుంది ఇదే. రాత్రి నాతో వాదించినవాళ్లు ఇప్పుడు ఏమంటారో.

బుల్లిక్లిక్ (8:40)
కొమ్మ ప్రమాదం అని మీరేం చెప్పలేదు కదా, లైన్‌మన్ గారు చెప్పారు. క్రెడిట్ ఎందుకు కొట్టేస్తున్నారు?

కడప_ఎండ (8:52)
నేను రాసింది ఒక్కరూ చదవలేదా? పెద్దాయన బల్బు వైరు గురించి అడిగాక కూడా ఎవరికీ వెలగలేదా? ఆ బండాయన స్తంభానికి కొక్కెం వేసుకున్నాడు, మీరు దాన్ని తీసుకొచ్చి పదిమందిలో పెట్టారు, అదీ కరెంటు డిపార్ట్‌మెంట్ ఆయన ముందు. ఆయన ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకునే కదా మీరు ఆఫీసుకి వెళ్లేది? ముందు ఆ ఫోటో తీసేయండి.

సందుచివర (8:55)
అయ్యో. నాకు నిజంగా తట్టలేదు. తీసేశాను. తుడిచినదే ఉంచాను.

బుల్లిక్లిక్ (8:57)
పాత_కెమెరా గారూ, ఇప్పుడు తుడవడం ఒప్పా తప్పా? 😀

పాత_కెమెరా (9:20)
పబ్లిక్‌లో పెట్టేది వేరు, దాచుకునేది వేరు. దాచుకునేదాంట్లో మాత్రం చెయ్యి పెట్టకండి, ఈ మాట మీద నేను నిలబడతా. పెళ్లి ఆల్బమ్‌లో గొడవపడి వెళ్లిపోయిన మేనమామని తీసేయమని అడిగినవాళ్లున్నారు, ఆల్బమ్‌లో తీసేశాను, నెగటివ్ కొయ్యలేదు. పదేళ్లకి వాళ్లే వచ్చి మామయ్య ఫోటో ఉందా అని అడిగారు, ఆయన పోయాక.

స్తంభాలరాజు (9:41)
నేను రిటైరయ్యాను, నా కళ్లజోడు పాతది, నాకేమీ కనబడలేదు. కానీ ఆయనకి చెప్పు బాబూ, బండి ఇనుముది, వానాకాలంలో తడి చేతులతో ఆ కొక్కెం తగిలితే పెళ్లాంపిల్లలు రోడ్డున పడతారు. కొట్టాయన దగ్గర సబ్‌మీటరు పెట్టించుకుంటే ఒక్క బల్బుకి పెద్దగా ఏమీ కాదు.

గోదారిగట్టు (10:02)
ఇస్త్రీ పెట్టె బొగ్గుదా, గ్యాసుదా? మా వైపు ఈమధ్య గ్యాసువి వచ్చాయి.

మంచులో_పద్మ (10:15)
మధ్యలో రోజు తప్పిపోతే ఏం చేస్తారో ఎవరైనా చెప్పండి. నాకు జ్వరమొచ్చి రెండు రోజులు పోయాయి, ఆ ఖాళీ చూస్తే మనసొప్పట్లేదు. పాత ఫోటో ఒకటి పెట్టేస్తే తప్పా?

కడప_ఎండ (10:30)
ఎవరైనా నాకూ ధైర్యం చెప్పండి, మళ్లీ మొదలుపెట్టాలనుంది. ఈసారి మా మేడ మీంచి కొండనే తీస్తా, దానికి అన్నదమ్ములు లేరు.

సందుచివర (ఫిబ్రవరి 12, సాయంత్రం 7:50)
అప్‌డేట్. 1912కి చేశాను, నంబరు ఇచ్చారు, వారంలో వస్తామన్నారు. ఇవాళ కిందకి దిగి ఇస్త్రీ ఆయనకి విషయం చెప్పాను, బల్బు సంగతి కూడా. కోప్పడతాడేమో అని టెన్షన్ పడ్డాను గానీ ఆయన బల్బు గురించి తల ఊపేసి, ఫోన్ తీసుకుని 43 ఫోటోలూ ఒక్కొక్కటీ చూశాడు, బట్టలు ఆరిపోతున్నా సరే. గోదారిగట్టు గారూ, పెట్టె బొగ్గుదే, అడిగాను. సంక్రాంతికి ఆయన నాలుగు రోజులు ఊరెళ్లాడట, ఆ నాలుగు ఫోటోల దగ్గర ఆగిపోయాడు. ఆయన జాగాలో ఎవరిదో బైకు ఉంది, నాలుగు రోజులూ. అంతకుముందు ఏడాది కూడా ఇలాగే ఎవడో పెట్టి, తిరిగొచ్చేసరికి బండి నిలబెట్టే రాళ్లు పక్కకి తోసేశాడట, అప్పటి నుంచీ వాడి కోసమే చూస్తున్నాడు. "సార్, నంబరు కనబడేలా పెద్దది చేయండి" అన్నాడు. ఎంత లాగినా మసగ్గానే ఉంది. అందుకే మళ్లీ అడుగుతున్నా, మొదటి రోజు అడిగినదే, ఎవరూ జవాబివ్వలేదు: కెమెరా కొనాలా?

గోదారిగట్టు (8:04)
వద్దు. నేను కొన్నాను, 2020లో. బీరువాలో పట్టుచీరల పక్కన ఉంది.

పాత_కెమెరా (8:06)
ఎంతలో చూస్తున్నారు? నా దగ్గర ఒకటి ఉంది.