1970 షెవెల్ కారు, 496 ఇంజిన్: డ్రాగ్ రేసు లాంచ్‌లో కుడి వెనక టైరే తిరుగుతోంది

గోదారి_454:
454 క్యూబిక్ ఇంచీల బ్లాక్‌ని 0.060 ఇంచీ బోర్ చేసి, 4.25 ఇంచీల స్ట్రోక్ క్రాంకు వేసిన 496. కంప్రెషన్ 10, టీహెచ్400 ఆటోమేటిక్ గేర్‌బాక్స్, 12 బోల్ట్ వెనక యాక్సిల్, దాంట్లో 3.73 గేరు, 28 ఇంచీల స్లిక్స్ (గాట్లు లేని రేసు టైర్లు). వదలగానే కుడి వెనక టైరు ఊరికే తిరుగుతోంది. 850 కార్బ్ (కార్బ్యురేటర్) చాలుతుందా? టార్క్ కన్వర్టర్ స్టాల్ (చక్రాలు కదలకుండా ఇంజిన్ ఎక్కగలిగే ఆర్పీఎం) ఎంత ఉండాలి?

పోసి_పంతులు:
కార్బ్ తర్వాత. డ్రైవ్‌షాఫ్ట్ మెలితిప్పుడికి యాక్సిల్ ఎడమ టైరుని నొక్కి, కుడిదాన్ని లేపుతుంది. వెనక స్ప్రింగుల్లో ఎయిర్‌బ్యాగులు పెట్టండి: ఎడమ 5, కుడి 10 పీఎస్ఐ. రన్‌కి 2 చొప్పున కుడివైపు పెంచుతూ కారు ఎటు లాగుతోందో చూడండి.

గ్రీజుచేతులు:
పోసి (వెనక రెండు చక్రాలనీ కలిపి తిప్పే క్లచ్ డిఫరెన్షియల్) బాగుంటే ఒక్క టైరే అలా తిరగదండీ. ముందు చక్రాలకి అడ్డు పెట్టి, వెనక ఒకటే చక్రం జాకీ మీదకి లేపి, న్యూట్రల్‌లో చేత్తో తిప్పండి. సులువుగా తిరిగిందా, క్లచ్ ప్లేట్ల పని అయిపోయినట్టే. అప్పుడు ఎన్ని బ్యాగులు ఊదినా దండగ.

క్వార్టర్‌మైల్_క్వీన్:
అసలు 496కి 3.73 ఏంటి? 4.10 వేయండి.

పోసి_పంతులు:
వచ్చారూ! 28 టైరుకి లెక్క సులువు: మైళ్ల వేగం × గేరు × 12. 120 దగ్గర 3.73కి 5,371 ఆర్పీఎం, 4.10కి 5,904. కన్వర్టర్ 5 శాతం జారితే 6,200. కామ్ (వాల్వులు తెరిచే షాఫ్టు) 5,600కే చేతులెత్తేస్తే చివర్లో ఇంజిన్ అరుపే తప్ప బండి కదలదు.

క్వార్టర్‌మైల్_క్వీన్:
ఆ బరువుకి 120 ఎవరిచ్చారు మీకు? 112 వేసుకోండి, 5,510. రేసు మొదటి 60 అడుగుల్లోనే తేలిపోతుంది.

గ్రీజుచేతులు:
టీహెచ్400 ఫస్ట్ గేరు 2.48. దాన్ని 3.73తో గుణిస్తే 9.25, 4.10తో 10.17. అసలే పట్టు లేని టైరు మీద ఇంకా టార్క్ కుమ్మరిస్తారా మేడమ్?

కామ్_కాపరి:
కొత్త ఫ్లాట్ టాపెట్ కామ్ అయితే మొదటిసారి స్టార్ట్ అవగానే 2,000–2,500 ఆర్పీఎంలో 20–30 నిమిషాలు నడపాలి. ఐడిల్‌లో క్రాంకు చిమ్మే ఆయిల్ లోబ్‌లకి (కామ్ మీది ఉబ్బులకి) చాలదు. వాల్వ్ స్ప్రింగులు డబుల్ అయితే అప్పటికి లోపలివి తీసేయండి, జింక్ ఎక్కువున్న ఆయిల్ పోయండి. ఒక్క లోబ్ అరిగితే ఆ రజనంతా బేరింగుల్లోకే.

గ్రీజుచేతులు:
ఇక్కడ టైరు గొడవ నడుస్తోంది బాబూ.

ఎన్నిస్_ఎక్స్‌ప్రెస్:
సేఫ్టీ ఎవరికీ పట్టదు. ఎన్‌హెచ్ఆర్ఏ (అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ) రూలు: స్లిక్స్‌తో క్వార్టర్ మైలు 13.99 సెకన్లు లేదా అంతకంటే తక్కువైతే డ్రైవ్‌షాఫ్ట్ లూప్ (షాఫ్టు విరిగితే పట్టి ఉంచే కడియం), ముందు యూ-జాయింట్‌కి 6 ఇంచీల లోపే. 11.49 దగ్గర రోల్ బార్. 10.99కి దిగితే స్టాక్ యాక్సిల్ షాఫ్టులు చెల్లవు. 12 బోల్ట్‌లో యాక్సిల్ షాఫ్టుని పట్టి ఉంచేది సీ-క్లిప్ (సీ ఆకారపు చిన్న క్లిప్పు) ఒక్కటే. షాఫ్టు విరిగితే చక్రంతో సహా బయటికొచ్చేస్తుంది.

గోదారి_454:
జాకీ మీద చేత్తో తిరిగేసింది. ప్లేట్లే.

గ్రీజుచేతులు:
కొత్తవి నానబెట్టి వేయండి, ఫ్రిక్షన్ మాడిఫయర్ మర్చిపోకండి. స్టాల్ సంగతి: డబ్బా మీద 3,000 అని ఉన్నా, టార్క్‌ని బట్టి మారుతుంది. 350 ఇంజిన్ వెనక కంటే 496 వెనక అదే కన్వర్టర్ ఇంకా పైకి పోతుంది. టార్క్ కర్వ్ పంపి తయారీవాళ్లనే అడగండి.

గోదారి_454:
మరి 850 కార్బ్?

క్వార్టర్‌మైల్_క్వీన్:
4.10 వేశాక చెప్తా.