మహిళల సాకర్ జట్లకు మగ కోచ్‌లే ఎక్కువ: మన అమ్మాయిలు ఈ ఉద్యోగంలోకి వెళ్ళొచ్చా?

షార్లెట్_అమ్మ:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇక్కడ నార్త్ కరోలినాలో ఒక చిన్న కాలేజీకి, డివిజన్ 3లో (అన్నిటికన్నా పై స్థాయి డివిజన్ 1), నాలుగేళ్ళు సాకర్, అంటే మన ఫుట్‌బాల్, ఆడింది. మే నెలలో డిగ్రీ అయిపోతుంది. ఇంకో రాష్ట్రంలోని యూనివర్సిటీ వాళ్ళు తమ మహిళల జట్టుకి గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా రమ్మంటున్నారు. మాస్టర్స్ ఫీజు వాళ్ళే కడతారట. నెలకి కొద్దిగా స్టైపెండ్ ఇచ్చి కోచింగ్ పని చేయించుకుంటారు. మా ఆయన మాత్రం డేటా ఎనలిటిక్స్‌లో మాస్టర్స్ చెయ్యమంటున్నారు.

నాకు డబ్బు కన్నా వేరే దిగులుంది. క్లబ్బులోనూ, ఎదురు జట్లలోనూ నేను ఇన్నేళ్ళుగా చూసిన హెడ్ కోచ్‌లు ఎక్కువమంది మగవాళ్ళే. ఆడపిల్లల ఆటలోనే ఆడవాళ్ళు పైకి రాకపోతే దీనికి అక్కడ భవిష్యత్తు ఉంటుందా? మహిళల జట్లకు మహిళలనే తీసుకోవాలని రూల్ పెట్టాలని కొందరంటారు. మీరేమంటారు?

కాకినాడ_డిఫెండర్:
మీ దిగులు ఊరికే వచ్చింది కాదు అక్కా. ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల పోటీలు నడిపే సంస్థ) మహిళల సాకర్ టోర్నీ 1982లో మొదలైంది. ఇన్నేళ్ళలో డివిజన్ 1 టైటిల్ గెలిచిన మహిళా హెడ్ కోచ్‌లు నాకు తెలిసి నలుగురే. 1998లో ఫ్లోరిడాతో బెకీ బర్లీ, 2013లో యూసీఎల్‌ఏతో అమాండా క్రామ్‌వెల్, 2015లో పెన్ స్టేట్‌తో ఎరికా డాంబాక్, 2022లో మళ్ళీ యూసీఎల్‌ఏతోనే మార్గరీట్ అవోజాసా. మిగతా కప్పులన్నీ మగ కోచ్‌ల దగ్గరే ఉన్నాయి.

వింతేమిటంటే మొదట్లో పరిస్థితి ఇలా లేదు. 1972లో టైటిల్ నైన్ చట్టం (చదువుల్లో, కాలేజీ ఆటల్లో ఆడా మగా తేడా చూపకూడదనేది) వచ్చేనాటికి కాలేజీల్లో మహిళల జట్లకు (అన్ని ఆటలూ కలిపి) కోచ్‌లు నూటికి తొంభై మందికి పైగా ఆడవాళ్ళే. అప్పుడా పనికి జీతం అంతంత మాత్రం. చాలాచోట్ల వ్యాయామ విద్య టీచరే ఖాళీ టైములో జట్టుని చూసుకునేది. చట్టం వచ్చాక అమ్మాయిల ఆటలకు డబ్బొచ్చింది, స్కాలర్‌షిప్‌లొచ్చాయి. విడిగా ఉన్న మహిళల క్రీడా విభాగాలను మగవాళ్ళ విభాగాల్లో కలిపేశారు. నియామకాలు చేసే అథ్లెటిక్ డైరెక్టర్ కుర్చీలో మగవాళ్ళే కూర్చున్నారు. ఆ తొంభై కాస్తా నలభైల్లోకి దిగిపోయింది. జీతం పెరగ్గానే ఆ ఉద్యోగం ఎవరికి పోయిందో చూడండి.

బెజవాడ_మిడ్‌ఫీల్డ్:
అన్నా, దీన్ని కుట్రలాగా చెప్పకండి. ఎవరూ పట్టించుకోని రోజుల్లో ఈ ఆటని నిలబెట్టినవాళ్ళలో మగవాళ్ళున్నారు. ఆన్సన్ డోరెన్స్‌నే తీసుకోండి (ఆయన పుట్టింది మన బొంబాయిలోనే, 1951లో). 1977లో నార్త్ కరోలినా యూనివర్సిటీ మగవాళ్ళ జట్టుకి కోచ్ అయ్యాడు, 1979లో మహిళల జట్టు బాధ్యత కూడా తీసుకున్నాడు. లా చదువు మధ్యలో వదిలేశాడు. 1981లో ఏఐఏడబ్ల్యూ (అప్పట్లో మహిళల కాలేజీ ఆటలు నడిపిన సంస్థ) టైటిల్, ఆ తర్వాత 21 ఎన్‌సీఏఏ టైటిళ్ళు. మధ్యలో అమెరికా జాతీయ జట్టుని నడిపి 1991లో మొట్టమొదటి మహిళల ప్రపంచ కప్ గెలిపించాడు. 2024 ఆగస్టులో దిగిపోయేదాకా అదే కాలేజీ. శాంటా క్లారాలో జెర్రీ స్మిత్ 1987లో చేరి రెండు టైటిళ్ళు గెలిచాడు. ఇలాంటివాళ్ళు ఒక్కో కుర్చీలో పాతికేళ్ళూ నలభయ్యేళ్ళూ కూర్చుంటే టైటిళ్ళ లెక్క అలాగే ఉంటుంది.

ఇక రూల్ సంగతి. మగా ఆడా చూసి ఉద్యోగం ఇవ్వడం 1964 పౌర హక్కుల చట్టం ప్రకారం కుదరదు. మీరు చెప్పిన టైటిల్ నైన్ కూడా అదే అంటుంది. కోర్టులో ఒక్క రోజు నిలవని రూల్ గురించి మాట్లాడుకుని ఏం లాభం?

మాజీ_అసిస్టెంట్:
నేను మిడ్‌వెస్ట్‌లో రెండు కాలేజీల్లో అసిస్టెంట్ కోచ్‌గా పనిచేసి బయటికొచ్చాను. రూల్ నాకూ వద్దు. దాంతో వచ్చిన ఉద్యోగానికి జట్టులో ఎలాంటి గౌరవం దక్కుతుందో నాకు తెలుసు. కానీ మీరిద్దరూ హెడ్ కోచ్ కుర్చీ దగ్గరే ఆగిపోయారు. అసలు వ్యవహారం కింద జరుగుతుంది.

అసిస్టెంట్‌ని ఎంచుకునేది హెడ్ కోచ్. పేరుకి ప్రకటన ఇస్తారు, కానీ చాలాసార్లు అప్పటికే ఫోన్లు అయిపోయుంటాయి. తనతో ఆడినవాడు, తన క్లబ్బులో పనిచేసినవాడు, ఫ్రెండు చెప్పినవాడు. హెడ్ కోచ్ మారితే కొత్తాయన తన మనుషుల్ని తెచ్చుకుంటాడు, పాత స్టాఫ్ ఇళ్ళు ఖాళీ చేస్తారు. నాకూ అదే జరిగింది. దాని మీద ఫిర్యాదు లేదు, ఈ ఉద్యోగం నడిచే తీరే అంత.

నాకు కోపం వచ్చే విషయం వేరే. ఒక స్టాఫ్‌లో నేనొక్కదాన్నే ఆడదాన్ని. అమ్మాయిలు ఏడిస్తే నా దగ్గరికి, తల్లిదండ్రుల ఫోన్ వస్తే నా దగ్గరికి. హోటల్ గదులు, భోజనాలు, చదువుల్లో వెనకబడ్డవాళ్ళతో మాట్లాడటం అన్నీ నావే. ఎదుటి జట్టు వీడియో చూసి ప్లాన్ వెయ్యడం, కార్నర్లూ ఫ్రీకిక్కులూ ప్రాక్టీస్ చేయించడం ఇద్దరు మగ అసిస్టెంట్ల పని. ఎవరూ దురుద్దేశంతో చెయ్యలేదు. "నువ్వైతే పిల్లలకి దగ్గరగా ఉంటావు" అని మెచ్చుకుంటూనే ఇచ్చారు. తర్వాత నేను హెడ్ కోచ్ ఇంటర్వ్యూలకి వెళ్తే మొదటి ప్రశ్న, "మీ టీమ్ డిఫెన్స్‌ని మీరు నడిపారా?"

బెజవాడ_మిడ్‌ఫీల్డ్:
మీరు పడింది నేను కాదనను మేడమ్. కానీ ఒక బాస్ పని సరిగ్గా పంచకపోతే అది ఆ బాస్ తప్పు, మగ కోచ్‌లందరిదీ కాదు. పైన చెప్పిన మార్గరీట్ అవోజాసా ఎక్కడ తయారైంది? స్టాన్‌ఫర్డ్‌లో, పాల్ రాట్‌క్లిఫ్ కింద ఏళ్ళ తరబడి అసిస్టెంట్‌గా. 2017, 2019 టైటిళ్ళప్పుడు ఆవిడ ఆ స్టాఫ్‌లోనే ఉంది. యూసీఎల్‌ఏ పిలిచి హెడ్ కోచ్‌ని చేస్తే మొదటి సీజన్‌లోనే కప్పు కొట్టింది. ఫైనల్లో 2-0తో వెనకబడి, చివరి నిమిషంలో సమం చేసి, ఓవర్‌టైమ్‌లో 3-2. గెలిచింది ఎవరి మీదో తెలుసా? డోరెన్స్ జట్టు మీదే.

మాజీ_అసిస్టెంట్:
నేను చెప్పేదీ అదే కదండీ. ఆట నేర్పే పని చేతికిచ్చినచోట ఆవిడ తయారైంది. మగ బాస్ కింద పని చెయ్యొద్దని నేను అనలేదు. ఏ పని ఇస్తున్నారో చూడమంటున్నాను.

జిల్ ఎల్లిస్ సంగతి చూడండి. నార్త్ కరోలినా స్టేట్‌లో అసిస్టెంట్‌గా మొదలుపెట్టింది, మధ్యలో ఒక కంపెనీలో టెక్నికల్ రైటర్‌గా కూడా చేసింది. తర్వాత మేరీలాండ్, వర్జీనియా, రెండుచోట్లా అసిస్టెంటే. 1997లో ఇలినాయ్ కొత్తగా మహిళల జట్టు పెడితే దానికి మొదటి హెడ్ కోచ్. రెండేళ్ళకి యూసీఎల్‌ఏ. అక్కడ ఎనిమిది సార్లు ఆఖరి నాలుగు జట్లలో నిలిచినా కప్పు మాత్రం రాలేదు. అదే మనిషి 2015లోనూ 2019లోనూ అమెరికాకి ప్రపంచ కప్పు తెచ్చింది. బర్లీ కూడా అంతే. బెరీ అనే చిన్న కాలేజీలో జట్టుని గెలిపించి, 1995లో ఫ్లోరిడా జట్టు కొత్తగా మొదలైనప్పుడు వెళ్ళింది, నాలుగో సీజన్‌కి టైటిల్. అప్పట్లో కొత్త జట్లు పుడుతున్నాయి కాబట్టి కొత్త కుర్చీలు దొరికాయి. ఇప్పుడు డివిజన్ 1లోనే మూడొందలకు పైగా జట్లున్నాయి. ఎవరైనా లేస్తే తప్ప కుర్చీ ఖాళీ కాదు.

సరదా_బాబాయ్:
యూనివర్సిటీ ఉద్యోగమైతే హెచ్‌1బీ లాటరీ గోల ఉండదు కదా. మా మేనల్లుడు సి.ఎస్. చదివి లాటరీలో కొట్టుకుంటున్నాడు, వాడికీ బంతి తన్నడం నేర్పించాల్సింది.

షార్లెట్_అమ్మ:
బాబాయ్ గారూ, మా పిల్ల ఇక్కడే పుట్టింది, ఆ టెన్షన్ లేదు :) చర్చ పక్కదారి పట్టించకండి.

టెక్సాస్_టచ్‌లైన్:
మా పాప క్లబ్బులో ఆడుతుంది కాబట్టి రిక్రూటింగ్ వైపు నుంచి చెప్తాను. పదో తరగతి అయ్యాక జూన్ 15న కాలేజీ కోచ్‌లకు పిల్లలతో నేరుగా మాట్లాడే వీలు మొదలవుతుంది. ఆ రోజు అర్ధరాత్రి దాటగానే మెసేజ్‌లు పడతాయి. పంపేది ఎక్కువగా అసిస్టెంట్లే. ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా సీజన్, మిగతా నెలల్లో శనాదివారాలు టోర్నీల చుట్టూ తిరగడం, ఎండాకాలం క్యాంపులు. జీతం చాలక సాయంత్రాలు ఏదో ఒక క్లబ్బులో కోచింగ్. ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (వేరే కాలేజీకి మారాలనుకునే ఆటగాళ్ళు పేరు నమోదు చేసుకునే చోటు) వచ్చాక సీజన్ అయిపోయినా ఊపిరి లేదు, ఉన్న పిల్లల్ని ఆపుకోవడమే ఒక ఉద్యోగం. పెళ్ళీ పిల్లలూ అనుకునే వయసులో ఇదంతా ఎవరు మొయ్యగలరు? మగ కోచ్‌కి ఇంట్లో భార్య ఉంటుంది. ఆడ కోచ్‌కి అలా చూసుకునేవాళ్ళు ఎంతమందికి ఉంటారు?

ఇంకోటి. 2025లో కోర్టు ఒప్పుకున్న సెటిల్‌మెంట్ తర్వాత పెద్ద కాలేజీలు ఆటగాళ్ళకే నేరుగా డబ్బు పంచుతున్నాయి. అందులో ఎక్కువ అమెరికన్ ఫుట్‌బాల్‌కీ బాస్కెట్‌బాల్‌కీ పోతుంది. సాకర్ స్టాఫ్ జీతాల మీద ఆ దెబ్బ పడుతుందని నా భయం.

కాకినాడ_డిఫెండర్:
అందుకే కాలేజీ ఒక్కటే దారి అనుకోకూడదు. మహిళల ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌డబ్ల్యూఎస్‌ఎల్ 2013 నుంచి నడుస్తోంది. ఫ్లోరిడా స్టేట్‌లో మూడు టైటిళ్ళు గెలిచిన మార్క్ క్రికోరియన్ 2022లో కాలేజీ వదిలి వాషింగ్టన్ స్పిరిట్ క్లబ్బుకి వెళ్ళాడు. ఎమ్మా హేస్ లండన్ నుంచి వచ్చి న్యూయార్క్ దగ్గర అయోనా అనే చిన్న కాలేజీలో మహిళల జట్టుకి కోచింగ్ చేసింది. తర్వాత చికాగో క్లబ్బులో 2010లో ఉద్యోగం పోయింది. ఆ తర్వాత చెల్సీలో పన్నెండేళ్ళు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికాకి బంగారు పతకం. చిన్న కాలేజీలో మొదలుపెట్టడం తక్కువేం కాదు అక్కా. పెద్ద జట్టులో మూడో అసిస్టెంట్‌గా కోన్లు సర్దేకన్నా చిన్న జట్టులో రోజూ ప్రాక్టీస్ నడపడం మేలని నా అభిప్రాయం.

హైదరాబాద్_గ్యాలరీ:
మీరంతా ఏ మెట్టు మంచిదని వాదించుకుంటున్నారు, మాకిక్కడ మెట్లే లేవు. నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య ఇండియాకి ఆడింది, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ దాకా వెళ్ళింది. అలాంటివాళ్ళు ఆట మానేశాక పూర్తి జీతంతో మహిళల ఫుట్‌బాల్ కోచ్ ఉద్యోగం ఇచ్చే కాలేజీ నాకైతే మన దగ్గర కనిపించలేదు. చాలా కాలేజీల్లో పీడీ గారొక్కరే. క్రికెట్, కబడ్డీ, వాలీబాల్, జెండా వందనం అన్నీ ఆయనవే. అమ్మాయిని వెళ్ళనివ్వండి మేడమ్.

షార్లెట్_అమ్మ:
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థాంక్స్. మాజీ అసిస్టెంట్ గారూ, పిల్లకి వచ్చే వారం ఆ హెడ్ కోచ్‌తో వీడియో కాల్ ఉంది. ఏమడగమంటారు?

మాజీ_అసిస్టెంట్:
ప్రాక్టీస్‌లో తను సొంతంగా నడిపే భాగం ఏదో అడగమనండి, వారానికి ఎన్నిసార్లో కూడా. మ్యాచ్ వీడియో పని తనకిస్తారా? కోచింగ్ లైసెన్స్ కోర్సులకి యూనివర్సిటీ డబ్బు కడుతుందా? (సీ, బీ లైసెన్సులకి ఖర్చు బాగానే అవుతుంది.) హెడ్ కోచ్ కాంట్రాక్టు ఇంకా ఎన్నాళ్ళుంది? అడగడానికి మొహమాటంగా ఉంటుంది కానీ అడగాలి. ఇంతకుముందు అక్కడ గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లుగా చేసినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారో కనుక్కుని, వాళ్ళలో ఒక అమ్మాయితో విడిగా మాట్లాడమనండి. "నువ్వొస్తే మా పిల్లలకి అక్కలాగా ఉంటావు" అని మాత్రమే చెప్పి ఆపేస్తే జాగ్రత్త.

బెజవాడ_మిడ్‌ఫీల్డ్:
ఇవన్నీ మగపిల్లాడైనా అడగాల్సిన ప్రశ్నలే. ఆ ఆఖరిది తప్ప, అది ఒప్పుకుంటాను. కానీ ఒక మాట. అక్కలాగా ఉండటాన్ని అంత తీసిపారెయ్యకండి. పోర్టల్ ఉన్న ఈ రోజుల్లో పిల్లల్ని జట్టులో నిలబెట్టేది ఆ పనే, దానికి కూడా అథ్లెటిక్ డైరెక్టర్ దగ్గర విలువుంటుంది.

మాజీ_అసిస్టెంట్:
విలువుంటే జీతంలోనూ పోస్టు పేరులోనూ చూపించమనండి. అసోసియేట్ హెడ్ కోచ్ అని రాసివ్వమనండి, అక్కలాగానే ఉంటుంది.